స్తంభం మీద మనిషి ఉన్నాడు

మే నెల. పొద్దు గూకుతోంది. బీదర్ దిక్కు నుంచి జహీరాబాద్ మీదికి నల్లమబ్బు కమ్ముకొస్తోంది. ఎర్రదుమ్ము ఇంట్లో పడకుండా మీరు కిటికీలు మూస్తున్నారు. వీధి చివర ఫట్‌మని చప్పుడు. ఫ్యాన్ నెమ్మదించి ఆగిపోతుంది.

వారంలో ఎన్నోసారో లెక్కే లేదు. 1912కు ఫోన్ చేస్తే, తీగ తెగిందని, మనుషులు బయల్దేరారని చెబుతారు. వాన కొట్టి కొట్టి తెరిపిస్తుంది. కరెంటు మాత్రం రాదు. మంచం మీద అమ్మ ఆయాసపడుతోంది. నెబ్యులైజర్ పెట్టాలి.

పక్కింటి తమ్ముడు జనరేటర్ తోసుకొస్తాడు. చేతిలో వైరు. రెండు కొసలకూ పిన్నులే.

"అన్నా, ఒకటి దీంట్ల పెడదాం, ఒకటి మీ సాకెట్ల. ఇల్లంత వెలుగుతది."

జనరేటర్ దడదడమంటోంది. అమ్మ దగ్గుతోంది. పిన్ను మీ చేతికిచ్చాడు. సాకెట్ జానెడు దూరం.

బయటికి చూడండి.

స్తంభం దగ్గర టార్చిలైటు. మనిషి ఎక్కుతున్నాడు. అటు సప్లై బంద్ చేయించుకునే ఎక్కుతున్నాడు. ఇటు నుంచి కరెంటు వస్తుందని అతనికి తెలియదు.

మీరు సాకెట్లో ఇచ్చే కరెంటు ఇంట్లోనే ఆగదు. మెయిన్ ఆన్‌లోనే ఉంది. మీటరు దాటుతుంది. సర్వీసు వైరు వెంట వీధిలోకి పోతుంది. ట్రాన్స్‌ఫార్మర్‌లోకి వెనక నుంచి వెళ్లిన 230 వోల్టులు, అవతల 11,000 కాగలవు.

అతని చెయ్యి తీగ మీద పడబోతోంది.

పెట్టకండి. జనరేటర్ ఆపండి. ఇటు పిన్నులు ముట్టకండి. జనరేటర్‌లో ఉన్న కొస లాగేయండి.

ఇప్పుడు ఊపిరి పీల్చుకోండి. ఎక్స్‌టెన్షన్ బాక్సును నేరుగా జనరేటర్‌కే తగిలించి, నెబ్యులైజర్ ఒక్కటే నడపండి.

"మళ్ల వానొస్తదేమో, వరండాలకు తెద్దామా?" అంటాడు తమ్ముడు. వద్దనండి. ఆ పొగలో కార్బన్ మోనాక్సైడ్ ఉంటుంది. దానికి వాసన ఉండదు, నిద్రలోనే ప్రాణం తీస్తుంది. ఆరుబయటే, కిటికీలకు దూరంగా ఉండనివ్వండి. చినుకు పడితే ఆపేయాలి.

తెల్లారి ఇద్దరూ బజారుకు పోతారు. ఇన్వర్టర్ దుకాణంలో మొదటి ప్రశ్న: "లోడెంత?"

కాగితం తీయండి. మూడు ఫ్యాన్లు, ఒక్కోటి 75 వాట్లు. నాలుగు బల్బులు, తొమ్మిదేసి. మొత్తం 261. 12 వోల్టుల, 150 ఆంపియర్ అవర్ల ట్యూబులర్ బ్యాటరీలో 1,800 వాట్ అవర్లు ఉంటాయి. పూర్తిగా పిండేయకూడదు, నష్టాలూ ఉంటాయి, 1,200 అనుకోండి. నాలుగున్నర గంటలు. తెల్లవారుజామున మళ్లీ ఉక్కపోతే.

పెద్ద బ్యాటరీ వైపు చెయ్యి పోతోందా? ముందు ఫ్యాన్లు మార్చండి. బీఎల్‌డీసీ ఫ్యాన్‌కు 30 వాట్లు చాలు. అదే బ్యాటరీ తొమ్మిది గంటలు దాటుతుంది. నెబ్యులైజర్ పావుగంట నడిచినా దానికి లెక్కలోకి రాదు. ఇన్వర్టర్ ప్యూర్ సైన్‌వేవ్‌దే తీసుకోండి, మోటారున్న సామాను సాఫీగా నడుస్తుంది. బోరు మోటరును దాని జోలికి తేకండి. మొదలయ్యేటప్పుడే నాలుగైదింతలు లాగుతుంది. కరెంటున్నప్పుడే ట్యాంకు నింపుకోవాలి. బ్యాటరీని పడకగదిలో పెట్టొద్దు. ఛార్జింగ్‌లో హైడ్రోజన్ వస్తుంది, గాలాడే చోటు కావాలి.

"గిన్ని బాధలెందుకన్నా, సోలార్ పెట్టిస్తే అయిపాయె?"

మంచి ప్రశ్నే. 2024లో వచ్చిన పీఎం సూర్యఘర్ పథకం కింద 3 కిలోవాట్లకు 78,000 రూపాయల సబ్సిడీ ఉంది. కానీ మామూలు ఆన్‌గ్రిడ్ సోలార్, లైను పోగానే తనూ ఆగిపోతుంది. మిట్టమధ్యాహ్నమైనా అంతే. స్తంభం మీది మనిషి కోసమే ఆ ఏర్పాటు. రాత్రికీ పనికిరావాలంటే హైబ్రిడ్ ఇన్వర్టర్, బ్యాటరీ చేర్చాలి, ఖర్చు పెరుగుతుంది. అది వచ్చే ఏడాది చూడొచ్చు.

ఇవాళ ఫ్యాన్లు, ఇన్వర్టర్, ఒక బ్యాటరీ రాయించండి. తమ్ముడి ఇంటికి చేంజోవర్ స్విచ్ కూడా రాయించండి. జనరేటర్ నడిచేటప్పుడు ఇంటిని లైను నుంచి విడదీసేది అదే. ఎలక్ట్రీషియన్‌ను ఈ సాయంత్రమే రమ్మనండి. ఆ రెండు కొసల వైరును మీ చేతులతోనే కత్తిరించండి.