బెయిరా రైల్వే స్టేషను: ఆధునిక వాస్తుకళ, వలస రైలుమార్గం

పోర్చుగీసు వలసదేశాలలోని ఆధునిక వాస్తుకళను గురించిన చర్చ చాలావరకు భవనాల ముఖభాగం దగ్గర మొదలై అక్కడే ముగుస్తుంది. మొజాంబిక్‌లోని బెయిరా రైల్వే స్టేషను విషయంలో ఈ లోపం మరింత స్పష్టంగా కనిపిస్తుంది. 1966లో పూర్తయిన ఆ కట్టడం అందాన్ని కాదనలేము. అయితే దానిని దాని పట్టాలతో కలిపి పరిశీలించాలన్నది ఈ వ్యాసంలోని ప్రతిపాదన.

పుంగ్వే నది హిందూ మహాసముద్రంలో కలిసే చోట, పల్లపు నేల మీద, 19వ శతాబ్ది చివర వెలసిన రేవుపట్టణం బెయిరా. 1942 వరకు ఈ ప్రాంతాన్ని పాలించింది పోర్చుగల్ నేరుగా కాదు, 1891లో అధికారపత్రం పొందిన మొజాంబిక్ కంపెనీ. ఈస్టిండియా కంపెనీ మనకు గుర్తుకు రావడం సహజమే. కాని ఇది భారతదేశంలో కంపెనీ పాలన అంతరించిన మూడు దశాబ్దాల తరువాత పుట్టిన ఏర్పాటు! ఇక్కడి రైలుమార్గం 1898 నాటికి సరిహద్దు దాటి ఉమ్తాలి, అంటే నేటి ముతారే, చేరింది. దాని గమ్యం బ్రిటిష్ రొడీషియా. సముద్రతీరం లేని ఆ దేశపు సరుకు రవాణాయే బెయిరాకు జీవనాధారం. రేవు, రైలుమార్గం 1949లో పోర్చుగల్ చేతికి వచ్చాయి.

స్టేషనును రూపొందించినవారు ముగ్గురు: పాలో ద మెలో సంపాయో, జువావ్ గరీజో దు కార్మో, ఫ్రాన్సిస్కో ద కాస్త్రో. 1948 లిస్బన్ వాస్తుశిల్పుల మహాసభలో యువతరం ఆధునిక శైలి కోసం గట్టిగా వాదించింది. సలజార్ ప్రభుత్వం స్వదేశంలో సంప్రదాయ రూపాలను కోరుకోగా, ఆఫ్రికాలో పనిచేసినవారికి కొంత వెసులుబాటు దొరికింది. బెయిరాలో ప్రయాణికుల మందిరం మీద కాంక్రీటు కప్పు ఎత్తైన కమానులా వంగి నిలుస్తుంది. ముందువైపంతా గాజుగోడ, వెనుక కార్యాలయాల పొడవైన అంతస్తులు. ఉక్కపోసే తీరంలో వెలుతురుకు, గాలికి, నీడకు పెద్దపీట వేసిన నిర్మాణమిది.

ఈ స్వేచ్ఛ ఎవరిదన్న ప్రశ్న మాత్రం మిగులుతుంది. స్టేషనుకు నమూనాలు గీస్తున్న నాటికి ఆఫ్రికన్లలో అత్యధికులు చట్టరీత్యా పౌరులు కారు. ఆ 'దేశీయుల' చట్టం 1961లో గాని రద్దు కాలేదు. షిబాలో అనే నిర్బంధ శ్రమ దాని నీడలోనే సాగింది. వాస్తుశిల్పి పొందిన వెసులుబాటును వలసపాలన ఉదారతగా భావించడం పొరపాటు.

రైలుమార్గాల పటం ఇదే చెబుతుంది. దక్షిణాన మపుటో, మధ్యలో బెయిరా, ఉత్తరాన నకాలా: మూడు రేవుల నుంచీ పట్టాలు లోపలి పొరుగు దేశాల వైపు సాగాయి. ఈ మూడింటినీ దేశం లోపల ఉత్తర దక్షిణాలుగా కలిపే రైలుమార్గం మాత్రం లేదు.

స్టేషను పూర్తయిన 1966లోనే ఈ ఏర్పాటు తొలి దెబ్బ తిన్నది. అంతకుముందు నవంబరులో రొడీషియా శ్వేత ప్రభుత్వం ఏకపక్షంగా స్వాతంత్ర్యం ప్రకటించుకొంది. బెయిరా మీదుగా దానికి చమురు అందకుండా బ్రిటిష్ యుద్ధనౌకలు సముద్రంలో కాపలా కాశాయి. మొజాంబిక్ స్వతంత్రమైన 1975 వరకు ఆ కాపలా కొనసాగింది. మరుసటి ఏడాది మార్చిలో కొత్త ప్రభుత్వమే రొడీషియా సరిహద్దును మూసివేసింది. తన ఆదాయానికి గండి పడుతుందని తెలిసి తీసుకొన్న నిర్ణయమది. 1980లో జింబాబ్వేగా స్వతంత్రమైన ఆ దేశమే తరువాత అంతర్యుద్ధ కాలంలో ఈ మార్గాన్ని కాపాడడానికి తన సైనికులను పంపింది. దక్షిణాఫ్రికా రేవుల మీద ఆధారపడకుండా ఉండాలంటే దానికి బెయిరా కావలసివచ్చింది.