బంగాళాఖాతపు తుఫానులపై భూతాప ప్రభావం

బంగాళాఖాతపు తుఫానులపై భూతాప ప్రభావం అనగా, భూగోళపు సగటు ఉష్ణోగ్రత పెరుగుదల వలన బంగాళాఖాతంలో ఏర్పడే తుఫానుల గాలివేగం, వర్షపాతం, ఉప్పెన ఎత్తులలో కలిగే మార్పు. ప్రపంచంలో ఏటా సుమారు 80 ఉష్ణమండల తుఫానులు ఏర్పడుతుండగా, వాటిలో ఉత్తర హిందూ మహాసముద్రంలో ఏర్పడేవి సగటున అయిదు మాత్రమే. అయినప్పటికీ తుఫానుల వలన ప్రపంచంలో సంభవించిన ప్రాణనష్టంలో అత్యధిక భాగం బంగాళాఖాతపు తీరంలోనే జరిగింది. భారతదేశంలో తమిళనాడు, ఆంధ్రప్రదేశ్, ఒడిషా, పశ్చిమ బెంగాల్ రాష్ట్రాలు, వాటితో పాటు బంగ్లాదేశ్, మయన్మార్ దేశాలు ఈ తుఫానుల తాకిడికి గురవుతుంటాయి.

భూతాపం వలన తుఫానుల సంఖ్య తప్పక పెరుగుతుందని శాస్త్రజ్ఞులు చెప్పడం లేదు. ఏర్పడిన తుఫానులలో బలమైన వాటి పాలు పెరుగుతుందని, అవి మునుపటికంటె ఎక్కువ వర్షాన్ని కురిపిస్తాయని, సముద్రమట్టం పెరగడం వలన ఉప్పెన మరింత లోపలికి చొచ్చుకువస్తుందని చెబుతున్నారు. సంఖ్యకు, తీవ్రతకు గల ఈ భేదాన్ని గుర్తించడం ఈ విషయాన్ని అర్థం చేసుకోవడానికి మొదటి మెట్టు.

## తుఫానుల వర్గీకరణ

భారత వాతావరణ శాఖ గాలివేగాన్ని బట్టి ఈ వ్యవస్థలను క్రింది విధంగా విభజించింది. (వేగం గంటకు కిలోమీటర్లలో)

* వాయుగుండం: 31 – 49
* తీవ్ర వాయుగుండం: 50 – 61
* తుఫాను: 62 – 88
* తీవ్ర తుఫాను: 89 – 117
* అతి తీవ్ర తుఫాను: 118 – 165
* అత్యంత తీవ్ర తుఫాను: 166 – 221
* పెను తుఫాను: 222, ఆపైన

తుఫాను స్థాయికి చేరిన వ్యవస్థకు పేరు పెడతారు. ఉత్తర హిందూ మహాసముద్రంలో ఈ ఆచారం 2004 నుండి అమలులో ఉన్నది. రేవులలో ఎగురవేసే ప్రమాద సూచికలు 1 నుండి 11 వరకు ఉంటాయి. 8, 9, 10 సంఖ్యలు మహాప్రమాదాన్ని తెలుపుతాయి. 11వ సూచిక, హెచ్చరిక కేంద్రంతో సంబంధాలు పూర్తిగా తెగిపోయాయని తెలుపుతుంది.

## చరిత్ర

బంగాళాఖాతంలో పెను తుఫానులు కొత్తవి కావు. 1839 నవంబరులో వచ్చిన ఉప్పెనకు గోదావరి ముఖద్వారం వద్ద గల కోరంగి రేవుపట్టణం నాశనమైనది. 1864 నవంబరు 1న వచ్చిన తుఫానుకు మచిలీపట్నం ప్రాంతంలో సుమారు 30,000 మంది మరణించారు. 1970 నవంబరులో నాటి తూర్పు పాకిస్తాన్ (నేటి బంగ్లాదేశ్)ను తాకిన భోలా తుఫానుకు 3 నుండి 5 లక్షల మంది బలి అయ్యారని అంచనా.

1977 నవంబరు 19న కృష్ణా జిల్లా దివిసీమను ముంచిన ఉప్పెన తెలుగువారి స్మృతిలో చెరగని విషాదం. అధికారిక లెక్కల ప్రకారమే ఆ ఉప్పెనలో సుమారు పదివేల మంది ప్రాణాలు కోల్పోయారు. వాస్తవసంఖ్య అంతకంటె ఎక్కువని అనేకుల అభిప్రాయం. 1996 నవంబరు 6న కోనసీమను తాకిన తుఫానుకు వెయ్యిమందికి పైగా మరణించారు. లక్షలాది కొబ్బరిచెట్లు నేలకూలాయి. 1999 అక్టోబరు 29న ఒడిషాలోని పారాదీప్ వద్ద తీరం దాటిన పెను తుఫానుకు సుమారు పదివేల మంది మరణించారు.

ఈ పాత తుఫానులలో కొన్ని భూతాపం లెక్కించదగిన స్థాయికి చేరకముందే వచ్చాయి. కావున తుఫానులకు మూలకారణం భూతాపమని అనరాదు. సహజంగానే ఉన్న ప్రమాదాన్ని భూతాపం ఎంతవరకు పెంచుతున్నదన్నదే ఇక్కడి ప్రశ్న.

## తుఫానుకు బలం ఎక్కడినుండి వస్తుంది

తుఫానుకు ఇంధనం వెచ్చని సముద్రజలం. సముద్రం పై పొరలో సుమారు 50 మీటర్ల లోతు వరకు ఉష్ణోగ్రత 26.5 డిగ్రీల సెల్సియస్‌కు మించి ఉన్నప్పుడు తుఫాను ఏర్పడడానికి అనువుగా ఉంటుంది. ఉపరితలం నుండి ఆవిరైన నీరు పైకిపోయి చల్లబడి మేఘంగా మారేటప్పుడు తనలోని గుప్తోష్ణాన్ని విడుదల చేస్తుంది. ఆ వేడికి గాలి మరింత పైకి లేస్తుంది, క్రింద పీడనం తగ్గుతుంది, చుట్టుప్రక్కల గాలి వేగంగా లోపలికి వస్తుంది. భూభ్రమణం వలన ఆ గాలి ఉత్తరార్ధగోళంలో అపసవ్యదిశలో సుడి తిరుగుతుంది. తీరం దాటి నేలపైకి రాగానే ఆవిరి సరఫరా తగ్గిపోవడంతో తుఫాను బలహీనపడుతుంది.

బంగాళాఖాతానికి కొన్ని ప్రత్యేక లక్షణాలు కలవు.

* గంగ, బ్రహ్మపుత్ర, ఐరావతి, మహానది, గోదావరి, కృష్ణ వంటి నదుల మంచినీరు, వర్షపునీరు ఉప్పునీటిపై తేలికపాటి పొరగా పరచుకొని ఉంటాయి. మామూలుగా తుఫానుగాలి సముద్రాన్ని చిలికి అడుగునున్న చల్లని నీటిని పైకి తెస్తుంది. ఈ మంచినీటి పొర ఆ కలయికను అడ్డుకొంటుంది. అందువలన ఉపరితలం త్వరగా చల్లబడదు.
* ఉత్తరభాగం గరాటు ఆకారంలో ఉండి, తీరం వెంబడి లోతు తక్కువగా ఉన్నందున ఉప్పెన ఎత్తు పెరుగుతుంది.
* నైరుతి ఋతుపవనకాలంలో పైగాలులకు, క్రింది గాలులకు వేగంలోను, దిశలోను భేదం ఎక్కువ. అందువలన అప్పుడు బలమైన తుఫానులు అరుదు. ఏప్రిల్–మే నెలలు, అక్టోబరు–డిసెంబరు నెలలు తుఫానుల కాలం.

## భూతాపం తీవ్రతను పెంచే విధానం

### సముద్ర ఉష్ణోగ్రత

పారిశ్రామిక విప్లవానికి పూర్వం గాలిలో బొగ్గుపులుసు వాయువు పదిలక్షల పాళ్ళకు సుమారు 280 పాళ్ళు ఉండేది. అది 2023 నాటికి 420 పాళ్ళు దాటింది. ఈ వాయువుల వలన భూమి అదనంగా నిలుపుకొన్న వేడిలో 90 శాతం సముద్రాలలోకే చేరింది. భారత ప్రభుత్వ భూవిజ్ఞాన మంత్రిత్వశాఖ 2020లో వెలువరించిన నివేదిక ప్రకారం, 1951–2015 మధ్య ఉష్ణమండల హిందూ మహాసముద్ర ఉపరితల ఉష్ణోగ్రత సుమారు 1 డిగ్రీ పెరిగింది. అదే కాలంలో ప్రపంచ సముద్రాల సగటు పెరుగుదల సుమారు 0.7 డిగ్రీలు. అనగా మన సముద్రం ఇతర సముద్రాలకంటె వేగంగా వేడెక్కింది.

### గాలి

గాలివేగం కొద్దిగా పెరిగినా నష్టం చాలా పెరుగుతుంది. గాలి ఒక గోడపై కలిగించే ఒత్తిడి వేగపు వర్గానికి అనులోమంగా ఉంటుంది. వేగం 10 శాతం పెరిగితే ఒత్తిడి 21 శాతం పెరుగుతుంది. గాలిలోని శక్తి ప్రవాహం వేగపు ఘనానికి అనులోమం కావున అది 33 శాతం పెరుగుతుంది. పాక వేసుకొన్న కుటుంబానికి ఈ కొద్ది తేడాయే పైకప్పు నిలవడానికి, ఎగిరిపోవడానికి మధ్య తేడా కావచ్చును.

### వర్షం

గాలి ఉష్ణోగ్రత ఒక డిగ్రీ పెరిగితే అది ఇముడ్చుకోగల నీటియావిరి సుమారు 7 శాతం పెరుగుతుంది. దీనిని క్లాసియస్–క్లాపెరాన్ సూత్రం తెలుపుతుంది. అందువలన అంతే బలంగల తుఫాను కూడ ఇప్పుడు ఎక్కువ వాన కురిపించగలదు. భూతాపం వలన తుఫానులలో కలిగే మార్పులన్నింటిలోను శాస్త్రజ్ఞులకు ఎక్కువ నిశ్చయం గల అంశాలలో ఇది ఒకటి.

### ఉప్పెన

ఉప్పెన ప్రధానంగా గాలి తోసుకువచ్చే నీటివలన, కొంతవరకు పీడనం తగ్గుదల వలన కలుగుతుంది. పీడనం ఒక మిల్లీబారు తగ్గితే సముద్రమట్టం సుమారు ఒక సెంటీమీటరు పెరుగుతుంది. తుఫాను బలంలో మార్పు లేకున్నా, సముద్రమట్టం పెరిగినకొద్దీ ఉప్పెన ఎత్తు దానికి తోడవుతుంది. ఉత్తర హిందూ మహాసముద్ర మట్టం 1874–2004 మధ్య ఏటా 1.06 నుండి 1.75 మిల్లీమీటర్ల చొప్పున పెరుగగా, 1993–2017 మధ్య ఏటా 3.3 మిల్లీమీటర్ల చొప్పున పెరిగింది. ఈ రెండవ కాలంలోనే సుమారు 8 సెంటీమీటర్ల పెరుగుదల కలిగినది. సముద్రమట్టానికి ఒకటి రెండు మీటర్ల ఎత్తులో మాత్రమే ఉన్న కృష్ణా, గోదావరి డెల్టాల అంచు గ్రామాలకు ఇది చిన్న విషయం కాదు.

### త్వరిత తీవ్రీకరణ

24 గంటలలో గాలివేగం గంటకు సుమారు 55 కి.మీ. పెరగడాన్ని త్వరిత తీవ్రీకరణ అంటారు. 2020 మే నెలలో అంఫన్ తుఫాను ఈ విధంగా అతి వేగంగా బలపడి పెను తుఫానుగా మారింది. 1999 తరువాత బంగాళాఖాతంలో ఏర్పడిన మొదటి పెను తుఫాను ఇదే. రాత్రి సాధారణ తుఫానుగా ఉన్నది మరునాటికి అతి తీవ్రమైతే, ప్రజలను తరలించడానికి, వేటకు వెళ్ళిన పడవలు తిరిగిరావడానికి వ్యవధి ఉండదు. అందువలన హెచ్చరికలు చేసేవారికి ఈ లక్షణం అన్నిటికంటె ఎక్కువ ఆందోళన కలిగిస్తున్నది.

## పరిశీలనలు ఏమి తెలుపుతున్నాయి

2020 నాటి ప్రభుత్వ నివేదిక ప్రకారం 1951–2018 మధ్య ఉత్తర హిందూ మహాసముద్రంలో తుఫానుల వార్షిక సంఖ్య తగ్గింది. కాని 2000–2018 మధ్య ఋతుపవనానంతర కాలంలో అతి తీవ్ర తుఫానులు దశాబ్దానికి ఒకటి చొప్పున పెరిగాయి. అయితే ఈ ధోరణులలో మానవకారక భూతాపపు ముద్ర ఇంకా స్పష్టంగా బయటపడలేదని కూడ ఆ నివేదిక పేర్కొన్నది. ఉపగ్రహాల కాలానికి ముందు సముద్రమధ్యంలోని తుఫానుల కొలతలు లోపభూయిష్టంగా ఉండడం, ఏటా ఏర్పడే తుఫానులు కొద్దిగానే ఉండడం ఇందుకు కారణాలు.

ప్రపంచం మొత్తంమీద చిత్రం కొంత స్పష్టంగా ఉన్నది. ఐక్యరాజ్యసమితి అంతర్ ప్రభుత్వ సంఘం (ఐపీసీసీ) 2021లో వెలువరించిన ఆరవ నివేదిక, గత నాలుగు దశాబ్దాలలో బలమైన తుఫానుల నిష్పత్తి పెరిగి ఉండవచ్చునని తెలిపింది.

ఇటీవలి కాలంలో ఆంధ్ర, ఒడిషా తీరాలను తాకిన ముఖ్యమైన తుఫానులు:

* ఫైలిన్ – 2013 అక్టోబరు 12, గోపాలపూర్ వద్ద
* హుద్‌హుద్ – 2014 అక్టోబరు 12, విశాఖపట్నం వద్ద. నగరంపై నేరుగా వచ్చిన ఈ తుఫానుకు విమానాశ్రయపు పైకప్పు దెబ్బతిన్నది.
* తిత్లీ – 2018 అక్టోబరు 11, శ్రీకాకుళం జిల్లా పలాస సమీపంలో. ఉద్దానం కొబ్బరి, జీడితోటలు నాశనమయ్యాయి.
* ఫణి – 2019 మే 3, పూరీ వద్ద
* మిచాంగ్ – 2023 డిసెంబరు 5, బాపట్ల సమీపంలో
* మొంథా – 2025 అక్టోబరు 28 రాత్రి, నరసాపురం సమీపంలో

## ఒక తుఫానుకు భూతాపమే కారణమని చెప్పవచ్చునా?

ఫలానా తుఫాను భూతాపం వలననే వచ్చినదనడం శాస్త్రీయం కాదు. ఒక్కొక్క తుఫాను ఏర్పడడానికి గాలులు, పీడనం, తేమ మొదలైన అనేక పరిస్థితులు కలిసిరావాలి. కాని భూతాపం లేనట్లయితే అదే ఘటన ఎంత తీవ్రంగా ఉండేదని లెక్కించవచ్చును. దీనిని కారణ నిర్ధారణ శాస్త్రం అంటారు. ఇందులో నేటి వాతావరణాన్ని, పారిశ్రామిక యుగానికి పూర్వపు వాతావరణాన్ని కంప్యూటరు నమూనాలలో వేరువేరుగా పలుమార్లు నడిపి ఫలితాలను పోల్చుతారు. ఉదాహరణకు 2017లో అమెరికాలోని టెక్సాస్‌ను ముంచిన హార్వీ తుఫాను వర్షపాతంలో సుమారు 15 శాతం భూతాపం వలన అదనంగా వచ్చినదని ఒక అధ్యయనం తేల్చింది. మిగిలిన వర్షం ఎలాగూ కురిసేదే. కాని కాలువగట్టు తెగడానికి, ఇంటి గడప దాటి నీరు రావడానికి ఆ అదనపు భాగమే చాలును.

## ప్రాణనష్టం

తీవ్రత పెరుగుతున్నా ప్రాణనష్టం తగ్గడం ఈ చరిత్రలో ఆశాజనకమైన అంశం. 1977 ఉప్పెన తరువాత తీరంలో తుఫాను రక్షణ భవనాలు కట్టారు. 1990 మే 9న దాదాపు అదే కృష్ణా తీరాన్ని తాకిన అతిబలమైన తుఫానుకు, లక్షలాది ప్రజలను ముందుగా తరలించినందున 967 మంది మరణించారు. 1999లో పదివేల మందిని కోల్పోయిన ఒడిషా, 2019లో ఫణి తుఫానుకు ముందు సుమారు 12 లక్షల మందిని తరలించింది. మరణాలు వందకు లోపే ఉన్నాయి. విశాఖపట్నంలోని తుఫాను హెచ్చరిక కేంద్రం, మచిలీపట్నం, విశాఖపట్నాలలోని డాప్లర్ రాడార్లు, హైదరాబాదులోని భారత జాతీయ సముద్ర సమాచార సేవా కేంద్రం ఇచ్చే ఉప్పెన అంచనాలు ఇందుకు తోడ్పడుతున్నాయి.

## జీవనోపాధిపై ప్రభావం

హెచ్చరిక వలన మనుషులు తప్పించుకోగలరు గాని పొలాలు, తోటలు తప్పించుకోలేవు. అక్టోబరు–డిసెంబరు తుఫానుల కాలం, ఖరీఫ్ వరి పొట్టమీద నుండి కోతకు వచ్చే కాలం ఒకటే. గాలికి చేలు పడిపోతాయి, నిలిచిన నీటిలో కంకులు మొలకెత్తుతాయి. ఉప్పునీరు చేరిన నేల తిరిగి సాగులోకి రావడానికి వర్షపునీటితో ఉప్పు కడుక్కుపోవాలి. కొబ్బరి మొక్క నాటిన తరువాత కాపుకు రావడానికి కొన్ని ఏండ్లు పడుతుంది. పట్టా తమ పేరిట లేని కౌలురైతులకు పరిహారం, బీమా పొందడంలో చిక్కులు అదనం. పడవ, వల కోల్పోయిన మత్స్యకారునికి వేట మానిన దినాలన్నీ పస్తు దినాలే. కాకినాడ సమీపంలోని ఉప్పాడ వద్ద సముద్రపుకోతకు ఇండ్లు, రహదారి దెబ్బతింటున్నాయి.

## నివారణ, సంసిద్ధత

* హరితగృహ వాయువుల విడుదలను తగ్గించడం. భూతాపం 2 డిగ్రీలకు చేరితే తుఫానుల వర్షపాత తీవ్రత సుమారు 14 శాతం, గరిష్ఠ గాలివేగం సుమారు 5 శాతం పెరగవచ్చునని ప్రపంచస్థాయి అంచనా.
* కోరంగి వంటి మడ అడవులను కాపాడడం. ఇవి అలల ఉధృతిని తగ్గిస్తాయి.
* మురుగుకాలువలను, నదీముఖద్వారాలను పూడిక లేకుండా ఉంచడం. తుఫాను వర్షం త్వరగా సముద్రంలో కలవడానికి ఇది అవసరం.
* రక్షణ భవనాలను మరమ్మతు చేసి, పాఠశాలలుగానో సామాజిక భవనాలుగానో నిత్యం వాడుకలో ఉంచడం. వాడని భవనం అవసరానికి అక్కరకు రాదు.

## ఇవి కూడా చూడండి

* భూతాపం
* దివిసీమ ఉప్పెన
* హుద్‌హుద్ తుఫాను
* భారత వాతావరణ శాఖ
* మడ అడవులు