యాన్ ఆర్బర్ మైదానాలు: ఎవరి డబ్బు, ఎవరి చోటు

అమెరికా కాలేజీల ఫుట్‌బాల్ మనకు తెలిసిన ఫుట్‌బాల్ కాదు. కోలబంతిని చంకన పెట్టుకుని, అడ్డొచ్చినవాణ్ణి తోసుకుంటూ గీత దాటే ఆట. మిషిగన్ విశ్వవిద్యాలయం జట్టుకు ఈ ఆటలో పెద్ద పేరుంది. డెట్రాయిట్‌కు పడమటనున్న యాన్ ఆర్బర్ ఊళ్లో ఆ జట్టు ఒక మైదానం విడిచి మరో మైదానానికి ఎందుకు మారిందని అడిగితే, అభిమానులు గెలుపుల లెక్క చెబుతారు. ప్రతి మైదానానికీ డబ్బు ఎవరిచ్చారో చూస్తే అసలు కథ తెలుస్తుంది.

1879లో జట్టు తొలి ఆట ఆడింది సొంతూళ్లో కాదు, చికాగోలో. ఆ తర్వాత కొన్నేళ్లు ఊళ్లోని జిల్లా ప్రదర్శనల మైదానమే దిక్కయింది. 1890లో రీజెంట్లు, అంటే విశ్వవిద్యాలయ పాలకమండలి సభ్యులు, స్టేట్ వీధి పక్కన పదెకరాలు కొనడానికి 3,000 డాలర్లు మంజూరు చేశారు. 1893లో ఆటలు మొదలైన ఆ చోటుకు రీజెంట్స్ ఫీల్డ్ అని వారి పేరే నిలిచింది.

1901లో ఫీల్డింగ్ యోస్ట్ కోచ్‌గా వచ్చాడు. ఆ ఏడాది అతని జట్టు 550 పాయింట్లు చేసి, ప్రత్యర్థులకు ఒక్కటీ ఇవ్వలేదు. 1904లో వెస్ట్ వర్జీనియాను 130-0తో చిత్తు చేసింది. యోస్ట్ పుట్టింది ఆ రాష్ట్రంలోనే, కుర్రతనంలో ఆడిందీ ఆ కాలేజీకే. పుట్టింటిమీద మమకారం స్కోరుబోర్డు దాకా రాలేదన్నమాట.

జనం పెరిగారు. డెట్రాయిట్ విత్తనాల వ్యాపారి డెక్స్టర్ ఫెర్రీ 1902లో పక్కనే ఉన్న భూమిని దానమిచ్చాడు. 1906 నుంచి ఆటలు అక్కడికి మారాయి. ఫెర్రీ ఫీల్డ్ అని దాత పేరు పెట్టారు. 1920ల నాటికి అక్కడ దాదాపు 46,000 మంది పట్టేవారు. అయినా టికెట్లు దొరక్క వెనుదిరిగేవారికి కొదవ లేదు.

అప్పటికి యోస్ట్ క్రీడావిభాగాధిపతి. కొత్త స్టేడియం కావాలన్నాడు. చదువుల చోట ఇంత ఆడంబరమేమిటని అధ్యాపకుల్లో కొందరు అడ్డుపడ్డారు. ఆచార్యుడు ఎడ్మండ్ డే అధ్యక్షతన వేసిన సంఘం 1926లో స్టేడియానికి ఒప్పుకుంది కానీ, హంగులు లేకుండా కట్టమంది, మామూలు విద్యార్థులకూ ఆటస్థలాలు ఉండాలంది. పన్నుల సొమ్ము ముట్టుకోకుండా ఒక్కొక్కటి 500 డాలర్ల చొప్పున 3,000 బాండ్లు అమ్మకానికి పెట్టారు. బాండు కొన్నవారికి వడ్డీతోపాటు మంచి సీట్ల టికెట్లు కొనుక్కునే హక్కు ఉండేది. జనం సీటు కోసం అప్పిచ్చారంటే తప్పులేదు.

ఎంచుకున్న స్థలంలో నేల కింద ఊట ఉంది. తవ్వకంలో ఒక క్రేన్ బురదలో కూరుకుపోయి ఇప్పటికీ అక్కడే ఉందని ఊళ్లో చెప్పుకుంటారు. నిజమెంతో గానీ, నీటితో తిప్పలు మాత్రం నిజం. నేలను లోతుగా తవ్వి, కట్టడంలో ఎక్కువ భాగం భూమట్టానికి దిగువనే ఉంచారు. అందుకే బయటినుంచి చూసేవారికి స్టేడియం అంత పెద్దదని తోచేది కాదు. ముందుముందు లక్షమందికి పైగా పట్టేలా పెంచుకునేందుకు పునాదులు ముందే గట్టిగా వేయించాడు యోస్ట్. సుమారు 9,50,000 డాలర్ల ఖర్చుతో పూర్తయిన మిషిగన్ స్టేడియంలో 1927 అక్టోబరు 1న తొలి ఆట జరిగింది. అదే నెల 22న, ఒహాయో స్టేట్‌ను 21-0తో ఓడించిన రోజున, ప్రారంభోత్సవం చేశారు.

ఈ చరిత్రలో ఒక మచ్చ ఉంది. 1934 అక్టోబరులో జార్జియా టెక్ జట్టు నల్లజాతి ఆటగాడితో తలపడబోమని మొండికేస్తే, మిషిగన్ తన సొంత ఆటగాడు విల్లిస్ వార్డ్‌ను పక్కన కూర్చోబెట్టింది. ఆట గెలిచింది, పరువు పోయింది. తర్వాత ఏడు నెలలకే, 1935 మే 25న, పాత ఫెర్రీ ఫీల్డ్‌లో ఒహాయో స్టేట్ తరఫున పరుగెత్తిన నల్లజాతి యువకుడు జెస్సీ ఓవెన్స్ ముప్పావుగంటలో మూడు ప్రపంచ రికార్డులు బద్దలుకొట్టి, మరొకదాన్ని సమం చేశాడు.

తర్వాతి కథంతా పెంపుదలే. 1949లో సీట్లు 97,239కి చేరాయి, 1956లో 1,01,001. ఆ చివరి ఒక్కటి మాజీ కోచ్ ఫ్రిట్జ్ క్రిస్లర్ కోసమని, అది ఎక్కడుందో ఎవరికీ చెప్పరని వాడుక. 2013లో నోటర్‌డేమ్‌తో ఆటకు 1,15,109 మంది వచ్చారు.

2010లో 226 మిలియన్ డాలర్లతో ఆట చూసేందుకు ఖరీదైన గదులు కట్టారు. అంతకుముందు ఇంతటి స్టేడియంలో చక్రాల కుర్చీలకు వంద చోట్లు కూడా లేవు. పక్షవాతానికి గురైన మాజీ సైనికుల సంఘం కోర్టుకెక్కాక, 2008లో కుదిరిన రాజీ వల్ల అవి మూడువందలు దాటాయి. లక్షమందికి ముందుచూపుతో పునాది వేసిన చోట, ఈ కొద్దిమందికి చోటు దొరకడానికి ఎనభై ఏళ్లూ ఒక దావా పట్టాయి.