స్తంభాలను తన్నుకుంటూ వచ్చిన శిష్యుడు

1959. సియాటిల్ వీధిలో ఒక నల్లజాతి యువకుడు టెలిఫోన్ స్తంభం కనబడితే చాలు, దాన్ని ఒక తన్ను తన్ని ముందుకు నడుస్తున్నాడు. పిచ్చేమీ కాదు. అదే దారిన బడికి వెళ్తున్న చైనా కుర్రాడి కంట పడాలని ఆ పాట్లు. తన్నేవాడి పేరు జెస్సీ గ్లోవర్. ఆ చైనా కుర్రాడు బ్రూస్‌లీ.

అప్పటికి బ్రూస్‌లీ అంటే ఎవరికీ తెలియదు. హాంకాంగ్‌లో వీధి తగాదాలు ముదిరి, ఇంట్లోవాళ్లు వంద డాలర్లు చేతిలో పెట్టి ఓడ ఎక్కించిన పద్దెనిమిదేళ్లవాడు. రూబీ చౌ అనే ఆమె నడిపే హోటల్లో సర్వర్ పని, అక్కడే ఒక ఇరుకు గది. ఆ పనంటే ఒళ్లుమంట. కాస్త తీరిక దొరికితే సాధన.

జెస్సీ కథ వేరు. చిన్నతనంలో తాగి ఉన్న పోలీసొకడు కొట్టిన దెబ్బకు అతని దవడ విరిగింది. మళ్లీ అలా దెబ్బ తినకూడదన్న పంతం అతన్ని జూడో దాకా తెచ్చింది. కుంగ్‌ఫూ కూడా నేర్చుకుందామంటే, చైనావాళ్లెవరూ బయటివాళ్లకు నేర్పేవాళ్లు కాదు. వాళ్లను తప్పుపట్టడం తేలికే. అయితే 1882 నుంచి 1943 దాకా చైనావాళ్ల వలసను చట్టం పెట్టి మరీ అడ్డుకున్న దేశం అమెరికా. తమకంటూ మిగిలిన విద్యను గుట్టుగా దాచుకున్నారంటే ఆశ్చర్యమేముంది?

జెస్సీ అడిగితే బ్రూస్ మాత్రం సరేనన్నాడు. మూసిన తలుపు ముందు నిలబడడం అతనికీ అలవాటే. హాంకాంగ్‌లో ఇప్ మాన్ అనే గురువు దగ్గర వింగ్ చున్ అనే కుంగ్‌ఫూ పద్ధతి నేర్చుకునే రోజుల్లో, బ్రూస్ తల్లి వైపు ఐరోపా రక్తం ఉందని తెలిసి కొందరు తోటి శిష్యులు అతనితో సాధన చేయబోమన్నారు. గురువు వెళ్లగొట్టలేదు కాబట్టి సరిపోయింది.

సాధనకు బడి లేదు, చాప లేదు. పార్కులు, కార్లు ఆపే ఖాళీ జాగాలు, హోటల్ వెనక సందు. ఆ సాధనలో ‘చీ సావ్’ అనే అభ్యాసం ఒకటుంది. ఇద్దరు ఎదురెదురుగా నిలబడి ముంజేతులు ఆనించి, చేతులు ఎడం కాకుండా తిప్పుతూ ఉంటారు. అవతలివాడి ఒత్తిడి ఎటు పోతోందో కంటితో కాక చర్మంతో పసిగట్టాలి. ఎక్కడ పట్టు సడలితే అక్కడ దెబ్బ పడుతుంది. కళ్లకు గంతలు కట్టుకునీ చేయవచ్చు. ఒంటి రంగుతో దానికి పనే లేదు. జెస్సీ వెంట తెల్లవాళ్లూ చేరారు, ఆసియావాళ్లూ చేరారు.

వాళ్లలో టాకీ కిమురా ఒకడు. జపాన్ మూలాలున్న అమెరికన్, బ్రూస్ కన్నా పదహారేళ్లు పెద్ద. 1942లో అమెరికా ప్రభుత్వం దాదాపు 1,20,000 మంది జపాన్ మూలాలవాళ్లను ముళ్లకంచెల వెనక్కి తరలించినప్పుడు టాకీ కుటుంబమూ అందులో ఉంది. యుద్ధం ముగిసి బయటికొచ్చినా టాకీ తలెత్తుకుని తిరగలేకపోయాడు. సియాటిల్‌లో కిరాణా దుకాణం నడుపుకుంటున్న ఆ పెద్దమనిషికి, తమ్ముడి వయసున్న గురువు దెబ్బలతోపాటు నిటారుగా నిలబడడమూ నేర్పాడు. బ్రూస్ పసితనమేమో జపాన్ సైన్యం ఆక్రమించిన హాంకాంగ్‌లో గడిచింది. అయినా తర్వాత తాను సియాటిల్‌లో పెట్టిన బడిని అప్పగించింది టాకీకే. ‘ఫిస్ట్ ఆఫ్ ఫ్యూరీ’ సినిమాలో జపాన్ విలన్లను చితకబాదే బ్రూస్‌ను చూసి ఈలలు వేసినవాళ్లలో ఎందరికి ఈ సంగతి తెలుసో!

1964 ఆగస్టు 17న బ్రూస్ లిండా ఎమరీని పెళ్లాడాడు. తెల్లమ్మాయి చైనావాణ్ణి చేసుకోవడం ఆమె తల్లికి సుతరామూ ఇష్టం లేదు. వాషింగ్టన్ రాష్ట్రంలో చట్టం అడ్డు రాలేదు గానీ, అలాంటి పెళ్లి నేరమయ్యే రాష్ట్రాలు అప్పటికి ఇంకా ఉన్నాయి. ఫొటోగ్రాఫర్ లేడు. వరుడి పక్కన తోడుపెళ్లికొడుకుగా నిలబడింది టాకీ.

హాలీవుడ్ సంగతి అందరూ ఎరిగిందే. ‘గ్రీన్ హార్నెట్’ సీరియల్లో కేటో అనే తోడు పాత్ర దక్కింది. ‘కుంగ్ ఫూ’ సీరియల్లో నాయక పాత్ర డేవిడ్ కారడీన్‌కు పోయింది. బ్రూస్ హాంకాంగ్ తిరిగి వెళ్లి తెరకెక్కాడు. సెలూన్ గోడమీద చొక్కా లేని బొమ్మగా మన ఊళ్లకు చేరింది ఆ బ్రూస్‌లీయే.

సినిమా కథల్లోలా ఈ స్నేహాలన్నీ చివరిదాకా సాఫీగా సాగలేదు. కొన్నేళ్లకే జెస్సీ బ్రూస్ నుంచి విడిపోయి తన దారి చూసుకున్నాడు. టాకీ మాత్రం దుకాణం కింది సెల్లార్‌లో చిన్న తరగతి నడుపుతూ ఆ విద్యను దశాబ్దాలపాటు నిలబెట్టాడు.

1973 జులై 20న, 32 ఏళ్లకే బ్రూస్ పోయాడు. సియాటిల్‌లోని లేక్ వ్యూ శ్మశానంలో అంత్యక్రియలు. శవపేటిక మోసినవాళ్లలో స్టీవ్ మెక్వీన్, జేమ్స్ కోబర్న్ లాంటి తారలతోపాటు టాకీ కూడా ఉన్నాడు. కార్యక్రమం ముగిసింది, జనం వెళ్లిపోయారు. సమాధి పూడ్చడానికి పనివాళ్లు మిగిలారు. జెస్సీ కదల్లేదు. ముక్కూమొహం తెలియనివాళ్లు బ్రూస్ మీద మట్టి వేయడం అతనికి మనసొప్పలేదు. వాళ్ల చేతిలోంచి పార అందుకుని తానే పూడ్చడం మొదలుపెట్టాడు.