న్యూవార్క్ చెర్రీ చెట్లు

ఏప్రిల్ రాగానే మన న్యూజెర్సీ తెలుగు కుటుంబాలు చెర్రీ పూలు చూడటానికి వాషింగ్టన్ బయలుదేరతాయి. నాలుగు గంటల ప్రయాణం, కారు ఎక్కడ ఆపాలో తెలియక మరో గంట. ఇంటి దగ్గరే, న్యూవార్క్‌లోని బ్రాంచ్ బ్రూక్ పార్కులో 5,000కు పైగా చెర్రీ చెట్లున్నాయనీ, లెక్కకు వాషింగ్టన్‌నే మించాయనీ చెబితే చాలామంది నమ్మరు. నేనూ మొదట నమ్మలేదు.

1895లో ఏర్పడిన ఈ పార్కుకు చెర్రీలు వచ్చింది 1927లో. శ్రీమతి కారొలిన్ బాంబర్గర్ ఫుల్డ్ వాషింగ్టన్‌లో ఆ పూలు చూసి ముచ్చటపడి, మా ఊరికీ కావాలని 2,000 మొక్కలు కానుకగా ఇచ్చారు. జపాన్ నుంచి తెప్పించిన మొక్కలను ముందు ఆరెంజ్‌లోని తన తోటలో పెంచి, ఇక్కడి వాతావరణానికి అలవాటు పడిన తరువాతనే పార్కుకు చేర్పించారట. ఆమె అన్నగారు లూయీ బాంబర్గర్‌కు న్యూవార్క్‌లో పెద్ద డిపార్ట్‌మెంట్ స్టోరు ఉండేది. 1929లో దానిని అమ్మివేసి, ఆ డబ్బుతో అన్నాచెల్లెళ్ళిద్దరూ 1930లో ప్రిన్స్‌టన్‌లో ఇన్‌స్టిట్యూట్ ఫర్ అడ్వాన్స్‌డ్ స్టడీ స్థాపించారు. ఐన్‌స్టీన్, మన హరీశ్ చంద్ర పనిచేసినది అక్కడే. ఆ సంస్థ పేరు మన ఇళ్ళలో పిల్లలకు కూడా తెలుసు. చెట్ల సంగతి పెద్దలకే తెలియదు!

అయితే పూల చెర్రీ మన మర్రిచెట్టు వంటిది కాదు. చాలా రకాలు కొన్ని దశాబ్దాలకే ముసలివైపోతాయి. కానుక ఇచ్చినవారు పోయారు, చెట్లూ ఒక్కొక్కటే పోతూ వచ్చాయి. 1999లో ఊరివారు కొందరు బ్రాంచ్ బ్రూక్ పార్క్ అలయన్స్ అనే సంఘం పెట్టుకుని, కౌంటీ వారితో కలిసి పార్కును బాగుచేయ పూనుకున్నారు. ఖాళీలలో కొత్త మొక్కలు పడ్డాయి. ఈనాటి 5,000 ఆ పూనికవల్లనే.

నాటడం ఒక పూట పని. ఆ తరువాతిదే అసలు చాకిరీ. గడ్డికోత యంత్రం తగిలి బెరడు చీలకుండా చూడాలి. మొదలు చుట్టూ చెక్కపొట్టు పరచాలి, కాని మానుకు ఆనించకూడదు. ఇవి చాలావరకు అంటు మొక్కలు. మన అంటుమామిడికి లాగానే అంటు కింద నుంచి వచ్చే పిలకలను ఎప్పటికప్పుడు తీసివేయకపోతే, అవే బలిసి పైచెట్టును మింగేస్తాయి.

ఒక ఏప్రిల్ ఆదివారం మా అబ్బాయి పూలవాన కురిపిద్దామని ఒక కొమ్మ పట్టుకుని ఊపబోయాడు. చేతులకు తొడుగులతో కలుపు తీస్తున్న ఒక పెద్దావిడ లేచి వచ్చారు. కసురుతారనుకున్నాను. ఆమె వాడి కాళ్ళకేసి చూపించి, "బాబూ, నువ్వు దాని వేళ్ళమీద నిలబడ్డావు" అన్నారు. చెర్రీ వేళ్ళు చాలావరకు పైపైనే ఉంటాయట. జనం తొక్కితొక్కి నేల గట్టిపడితే నీరూ గాలీ అందక చెట్టు లోలోపలే ఎండుతుందట. ఏడాదంతా రాని జనం పూలరోజుల్లోనే వేలకొద్దీ వస్తారని నవ్వారు. ఆ వేలల్లో మేమూ ఉన్నాము కనుక నేను మాట్లాడలేదు.

మధ్యాహ్నం దాకా వాడు ఆమె వెంట కలుపు సంచి మోశాడు. మేము తెచ్చుకున్న పులిహోర ఆమెకూ పెట్టాము. కారమన్నారు, అయినా మారు వడ్డించుకున్నారు.