ధాత కరువు – వర్షమాపకము

రాయలసీమ ఇండ్లలో “ధాత కరువు” అను మాట నేటికిని వినవచ్చును. అది ధాత నామ సంవత్సరమున, అనగా 1876లో, మొదలైన మహాక్షామము. అంతకు ఒక యేడు ముందే, 1875లో, భారత వాతావరణ శాఖ ఏర్పడినది. నాటినుండి మనకు వానను గూర్చి రెండు లెక్కలు కలవు: ఒకటి వర్షమాపకముది, రెండవది కుటుంబముల జ్ఞాపకముది. ఏది నమ్మదగినది?

అనంతపురమున సాలుకు సగటు వర్షము సుమారు 550 మిల్లీమీటర్లు. మొత్తము తగ్గకున్నను, ఊడలు దిగు వేళ మూడు వారములు చినుకు లేనిచో వేరుసెనగ పంట దెబ్బతినును. ఇంటివారు “వాన తగ్గినది” అందురు. సగటు ఆ నష్టమును చూపదు. అయితే జ్ఞాపకము కరువు యేటిని నిలుపుకొని మంచి యేండ్లను మరచును. మెల్లగా పెరుగు వేడిమిని ఉష్ణమాపకమే సరిగా పట్టగలదు.

విద్యార్థులారా! మీ అవ్వ చెప్పిన మాటను, మీ మండలపు వర్షపాత పట్టికను ప్రక్కప్రక్కన వ్రాసి చూడుడు.