సీటు కింద రెండు చెవులు

మా పెదనాన్న బుల్లెట్టు సీటు విప్పితే, వెనక మడ్‌గార్డుకి చెరోవైపున చట్రానికి అతికిన రెండు ఇనుప చెవులు కనిపిస్తాయి. వాటికి బెజ్జాలున్నాయి గానీ బోల్టుల్లేవు. 30 ఏళ్లకు పైగా ఆ బండి మీద పొడుగు సీటే ఉండటంతో వాటి ఊసు ఎవరూ ఎత్తలేదు. కిందటేడు చీపురుపల్లి ఇంటి వసారాలోంచి బండిని బయటికి తీశాం. పాత సీటు పీలికలైపోయింది. బజార్లో ‘బుల్లెట్టు సీటు’ అని అడిగి కొత్తది తెచ్చి బిగిస్తే, దాని ముక్కు వెళ్లి ట్యాంకుకి రాసుకుంది. నాలుగు రోజుల్లో అక్కడ రంగు లేచిపోయింది. అప్పుడు చూశాను ఆ చెవుల్ని. అవి దేన్ని పట్టుకోవడానికి పుట్టాయి?

జవాబు కోసం చాలా దూరం వెళ్లాల్సి వచ్చింది. ఇంగ్లండులో రెడ్డిచ్ అనే ఊరు సూదులకు పేరు. బుల్లెట్టు కంపెనీ రాయల్ ఎన్‌ఫీల్డ్ మూలాలు కూడా అక్కడ 1851లో సూదులు చేయడానికి మొదలైన ఒక చిన్న కార్ఖానాలోనే ఉన్నాయి. తర్వాత సైకిళ్లు, 1901లో మోటారు సైకిలు. అదే ఊళ్లో హెర్బర్ట్ టెర్రీ కంపెనీ స్ప్రింగులు చేసేది, మోటారు సైకిళ్ల సీట్లూ చేసేది. సూదీ స్ప్రింగూ ఒక ఊరివే కావడం నాకు భలే నచ్చింది. సీటు అంటే ఆ రెండే కదా!

ఆ రోజుల్లో చాలా బండ్లకి వెనక షాకబ్జార్బర్లుండేవి కావు. చక్రం ఇరుసు నేరుగా చట్రానికే బిగిసి ఉండేది. గోతిలో పడితే దెబ్బంతా నడుముకే. అందుకే ఒక్కరు కూర్చునే వెడల్పాటి సీటుని ముందు ముక్కు దగ్గర ఒక బోల్టు మీద ఊగేలా పెట్టి, వెనక రెండు లావుపాటి స్ప్రింగుల మీద కూర్చోబెట్టేవారు. 1949లో వచ్చిన 350 సీసీ బుల్లెట్టు వెనక చక్రాన్ని ఊగే చట్రానికి, షాకబ్జార్బర్లకి అప్పజెప్పింది. ఇక సీటుకి స్ప్రింగులతో పనిలేదు, ఇద్దరు వరసగా కూర్చునే పొడుగు సీటు పెట్టొచ్చు. కానీ అలవాటు అంత తొందరగా పోదు. స్ప్రింగు సీటూ, దాని వెనక మడ్‌గార్డు మీద విడిగా చిన్న సీటూ, ఈ జంట చాలాకాలం నడిచింది. మా బండి చెవులు ఆ స్ప్రింగుల కోసం పుట్టినవే.

రాయల్ ఎన్‌ఫీల్డ్ మద్రాసు మోటార్సుతో కలవడంతో 1955లో ఎన్‌ఫీల్డ్ ఇండియా ఏర్పడింది. తిరువొత్తియూరు ఫ్యాక్టరీలో మరుసటేడు చివరికి, ఇంగ్లండు నుంచి వచ్చిన విడిభాగాలు కూర్చి 163 బుల్లెట్లు తయారు చేశారు. తర్వాత క్రమంగా భాగాలన్నీ ఇక్కడే తయారయ్యాయి. పేరూ ఆకారమూ పెద్దగా మారకుండా దశాబ్దాలు నడిచిన బండి కనుకనే చిక్కంతా. చూడ్డానికి అన్నీ ఒకటే. సీటు దగ్గరికొచ్చేసరికి ఒకటి కాదు.

పెదనాన్న మాంగనీసు గనుల్లో పనిచేసేవారు. గరివిడి చుట్టూ ఎర్రమట్టి దారుల్లో ఒంటరిగా తిరగడానికి స్ప్రింగు సీటు, ఆదివారం పెద్దమ్మని పైడితల్లి గుడికి తీసుకెళ్లడానికి వెనక సీటు. పిల్లలు ముగ్గురయ్యాక ఆ రెండూ విప్పేసి పొడుగు సీటు వేయించారు. మా జిల్లాల్లో విడి సీట్లు చాలావరకు ఇలాగే అటకెక్కాయి. మా ఇంటి అటక మీద గోనెసంచిలో ఆ ఇనుము దొరికింది. తోలు లేదు, మెత్త లేదు. తుప్పుపట్టిన చట్రం, రెండు స్ప్రింగులు, ఒక పిడి.

అటక లేని వాళ్లు బండినే అడగాలి. ఇంజను నంబరు, చట్రం నంబరు చూసి ఏ కాలం బండో తేల్చుకోవాలి, ఆ కాలం విడిభాగాల పుస్తకంలో బొమ్మ చూడాలి. ఆ తర్వాత చేత్తో తడమాలి. చట్రం మీద పాత రంగు చెక్కుచెదరకుండా గుండ్రంగా మిగిలిన చోట ఏదో బిగిసి ఉండేదన్నమాట. ముక్కు బోల్టు బెజ్జం అరిగి కోలగా అయితే అక్కడ సీటు ఏళ్ల తరబడి ఊగిందన్నమాట. పెళ్లినాటి ఫొటోలో బండి పక్కన నిలబడ్డ పెళ్లికొడుకుంటే ఇంకేం కావాలి! జావా సీటుని బుల్లెట్టుకి, రాజ్‌దూత్ సీటుని జావాకి బలవంతంగా దిగేసిన బండ్లు శ్రీకాకుళం రోడ్ల మీద చాలా చూశాను. ఏ సీటు అడుగు రేకైనా తన బండి ట్యాంకు వంపుకే వంగి ఉంటుంది. అన్నిటికన్నా ఘోరం, పొడుగు సీటు కుదరడం లేదని ఆ చెవుల్ని కోసేయడం. సీటు పాడైతే మళ్లీ కుట్టుకోవచ్చు. చెవులు పోతే ఆ బండి పుట్టుక గుర్తు పోయినట్టే.

విజయనగరం గంటస్తంభం దగ్గర సీట్లు కుట్టే తాతగారొకాయన ఆ ఇనుము చేతిలోకి తీసుకుని తిప్పి చూశాడు.

“ఏటి బాబూ, ఇంత మంచి ఇనుమెట్టుకుని బజార్లో సీట్లు కొంతన్నారా?”

ఇనుముకి తుప్పు గీకించి, పగుళ్లున్నచోట అతికించాం. మా సముద్రపు గాలికి సీటు ఇనుముని తుప్పు లోపలినుంచి తినేస్తుంది, పైకి తెలీదు. స్ప్రింగుల మీద నెల్లిమర్ల గోనెపట్టా రెండు మడతలు, దాని మీద ఉద్దానం కొబ్బరిపీచు దట్టంగా కుదించి, పైన పల్చటి ఫోము, ఆ పైన నల్లటి రెక్సిను. కంపెనీ వాడిన సరుకే వాడాలని పట్టుబట్టే వాళ్లున్నారు. వాళ్ల శ్రద్ధ అంటే నాకు గౌరవం. అయినా నా లెక్క వేరు. ఇనుము, స్ప్రింగు, బోల్టు కొలత ఇవి కంపెనీవే ఉండాలి. కడుపులో పీచు మాత్రం మన నేలదైతే తప్పులేదు, ఈ బండి ఏళ్ల తరబడి తిరిగింది ఈ నేల మీదే.

బిగించేటప్పుడు తాతగారు ఏ నట్టూ ముందుగా పూర్తిగా తిప్పనివ్వలేదు. ట్యాంకు, మడ్‌గార్డు వాటి చోట ఉన్నాకనే సీటు పెట్టమన్నాడు. ముక్కు బోల్టుకి గ్రీజు పూశాడు. సీటు అక్కడ బిగుసుకుపోతే స్ప్రింగులున్నా లేనట్టే. ట్యాంకుకీ ముక్కుకీ మధ్య వేలు దూరేంత సందు. స్ప్రింగులు రెండూ ఒకే ఎత్తు. నన్ను కూర్చోబెట్టి, వెనకనుంచి ఇద్దరు బలంగా అదిమితే స్ప్రింగు మడ్‌గార్డుకి తగలకూడదు. తగల్లేదు. అప్పుడు బిగించాడు.

వెనక సీటు మీద మాత్రం అనుమానం మిగిలింది. 1989 కేంద్ర మోటారు వాహన నియమాల ప్రకారం వెనక కూర్చునేవారికి పట్టుకునే పిడి, కాలు పెట్టుకునే చోటు, చక్రం సగమైనా కప్పే అడ్డు ఉండాలి. చీరకట్టుతో పక్కకి తిరిగి కూర్చునేవాళ్లకి అవే ప్రాణాధారం. పిడి బిగించాం గానీ ఏదో ఎడంగా అనిపించింది. పెద్దమ్మని పిలిచాను. 80 దాటిన మనిషి, స్టాండు మీద ఉన్న బండి మీద పక్కకి తిరిగి కూర్చుంది, చూడకుండానే చెయ్యి చాచింది. చెయ్యి గాల్లో ఆగింది.

“ఈ పిడి ఇంకొంచెం ఇటేపుండేదిరా.”

వంగి చూశాం. ఆవిడ చెయ్యి ఆగినచోట, రెండంగుళాలు ఇవతల, రంగు పూతలో పూడుకుపోయిన ఇంకో బెజ్జం ఉంది.